‘ధ’ కింది గీత

2025 జూన్ 11, విజయవాడ

అచ్చు వేయించడానికి తిరుప్పూరు నుంచి ఒట్టి టీషర్టుల మూట వచ్చింది. వంద నల్లవి, అరవై తెల్లవి, నలభై ముదురు పసుపువి. విప్పగానే చేతికి తేడా తెలిసింది. బిల్లులో 180 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకి 180 గ్రాములు, అని ఉంది. వేళ్ల మధ్య పట్టుకుంటే అంత లేదు. ఒక తెల్ల టీషర్టు పోయినా పోయిందని, పదికి పది సెంటీమీటర్ల అట్టముక్క పెట్టి దాని అంచువెంట బట్ట కోశాను. తమ్ముడు తెచ్చిన నగల కాటా మీద పెడితే 1.62 గ్రాములు. దాన్ని వందతో హెచ్చవేస్తే చదరపు మీటరుకి 162. ఒక్కచోట చూసి మాట అనకూడదని వీపున ఒక ముక్క, చేతిదగ్గర ఒక ముక్క కోశాను. 1.60, 1.64.

పల్చటి బట్ట మీద ఎంత మంచి సిరా పోసినా నిలబడదు. తెల్లదైతే ప్రింటు నీడ వీపువైపు కనిపిస్తుంది. వేసుకున్నప్పుడు బట్ట ఎక్కువ సాగుతుంది, దానితోపాటు సాగలేక ప్రింటు పగులుతుంది. మూట తిరిగి కట్టి పంపించేశాం. పదిరోజుల ఆలస్యం.

తమ్ముడికి నచ్చలేదు. “అక్కా, కొనేవాళ్లు కాటా వేసి చూస్తారా?” అన్నాడు. చూడరు. చూసే వీలు వాళ్లకి లేదు. మా అమ్మ జాకెట్టుముక్క కొన్నా సరే, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపి చూడకుండా డబ్బులివ్వదు. ఫోన్‌లో కొనేవాళ్లకి ఆ రెండు వేళ్లు ఉండవు. వాళ్ల తరఫున నలిపి చూడాల్సింది నేనే.

జూన్ 14

రాజమండ్రి నుంచి ఒకావిడ నెమలికంఠం రంగు అక్షరాలు కావాలంది. ఫోన్‌లో చూపించిన రంగు మెరుస్తోంది. ఫోన్ తెర వెలుగుతోనే రంగు పుట్టిస్తుంది. బట్ట మీది సిరా తనమీద పడ్డ వెలుగులోంచి కొంత మింగి మిగిలింది తిప్పి పంపుతుంది. ఆ మెరుపు సిరాలో రాదు.

మూడు ముక్కలు వేయించి చూశాను. గదిలో ట్యూబులైటు కింద రెండు ముక్కలు ఒకేలా ఉన్నాయి. డాబా మీదికి తీసుకెళ్తే ఒకటి పచ్చవైపు, ఒకటి నీలంవైపు విడిపోయాయి. ఇకనుంచి రంగు ఒప్పుకోవడం పొద్దున్న పదింటికి డాబా మీద, నీళ్ల ట్యాంకు నీడలోనే. మూడు ముక్కలూ ఆ నీడలో ఫొటో తీసి, తెర మీద కొంచెం తేడాగా కనిపిస్తుందని కూడా రాసి పంపాను. ఆవిడ రెండోది ఎంచుకుంది.

జూన్ 19

ఇవాళ జరిగింది మరిచిపోకుండా రాసుకోవాలి.

‘ధైర్యం’ టీషర్టు. ఛాతీ మీద పది అంగుళాల వెడల్పున ఒకే మాట, నలుపు మీద తెలుపు. నీళ్లలో కలిసే పిగ్మెంటు సిరాతో స్క్రీన్ ప్రింటింగ్. పొద్దున్న ప్రింటింగ్ యూనిట్‌కి వెళ్లి మొదటి ముక్క చూశాను. చక్కగా ఉంది. అక్కడ మాకు ప్రింటు వేసే బాబాయితో “కానివ్వండి” అని చెప్పి వచ్చేశాను. సాయంత్రం అరవై ఇంటికొచ్చాయి. రాత్రి ఒక్కొక్కటీ మంచం మీద పరిచి చూస్తున్నాను. ముప్పై దాటాక ‘ధ’ కింద ఉండే చిన్న గీత పల్చబడటం మొదలైంది. నలభై దాటేసరికి గీతే లేదు. ‘దైర్యం’.

ఎందుకలా అయిందో బాబాయికి ఫోన్ చేస్తే వెంటనే చెప్పాడు. నీటి సిరా స్క్రీన్ మీదే ఆరిపోతుంది. భోజనానికి లేచి ఇరవై నిమిషాలు వదిలేశారట. వెడల్పాటి గీతల్లో సిరా మళ్లీ దారి చేసుకుంటుంది. సన్నగీత దగ్గర మెష్ కళ్లు పూడిపోతే అంతే, ఎంత నొక్కి లాగినా దిగదు.

“చిన్న గీతేగా అమ్మా, చదివేవాళ్లకి తెలుస్తుందిలే” అన్నాడు. ముప్పై ఏళ్లుగా స్క్రీన్ పట్టిన మనిషి, ఆయన పనితనం మీద నాకు గౌరవం ఉంది. ఈ మాట మాత్రం ఒప్పుకోలేదు. ఇంగ్లీషు అక్షరాల్లో సన్నగీత కాస్త చెదిరినా చాలాసార్లు ఆ అక్షరం ఆ అక్షరంగానే ఉంటుంది. మనకి అలా కాదు. గీత పోతే ‘ధ’ ‘ద’ అవుతుంది, ‘ఫ’ ‘ప’ అవుతుంది. పొట్టలో చుక్క పూడిపోతే ‘కథ’ ‘కధ’ అవుతుంది. ‘దైర్యం’ అని ఛాతీ మీద రాసుకుని ఒక పిల్ల ట్యూషన్‌కి వెళ్తే, మాస్టారు ఆ పిల్లనే అడుగుతారు. ఆ తప్పు పిల్లది కాదు, నాది.

ఇరవై రెండు టీషర్టులు పక్కన పెట్టాం. ఖర్చు చెరిసగం అనుకున్నాం. ఇక ప్రతి పదో ముక్కా తీసి అద్దంతో చూడాలి, మధ్యలో ఆపితే స్క్రీన్ తడిగుడ్డతో తుడవాలి. ఆ గీతని ఫైల్లోనే అర మిల్లీమీటరు లావు చేస్తున్నాను. మెష్ కూడా మారుస్తానన్నాడు బాబాయి. సెంటీమీటరుకి 43 పోగులది వాడాడట, అది లావుపాటి రబ్బరు ప్రింటుకి సరే. సన్నటి అంచులు నిలవాలంటే 77 కావాలి.

జూన్ 23

శ్రీకాకుళం వాళ్ల పదోతరగతి బ్యాచ్ పాతికేళ్లకి కలుసుకుంటున్నారు. నలభై రెండు టీషర్టులు. స్క్రీన్ కోసం ఫిల్ము తీసి వెలుగుకి ఎత్తి చూస్తే ఇలా ఉంది: ‘పూర్‌వ విద్‌యార్‌థుల సమ్‌మేళనం’. ఒత్తులన్నీ విడిపోయి పొల్లులై వరసన నిలబడ్డాయి.

తెలుగు ఫాంటు అంటే అక్షరాల పెట్టె ఒక్కటే కాదు. ఏ హల్లు కింద ఏ ఒత్తు చేరాలో చెప్పే సూత్రాలు కూడా అందులో ఉంటాయి. డిజైన్ సాఫ్ట్‌వేర్ ఆ సూత్రాలు చదివే సెట్టింగులో లేకపోతే, ఇంగ్లీషులా అక్షరం పక్కన అక్షరం పేర్చుకుంటూ పోతుంది. నా కంప్యూటర్‌లో బాగున్న ఫైలు యూనిట్‌లోని పాత కంప్యూటర్‌లో తెరవగానే విరిగింది. ఫైలు పంపేముందు అక్షరాలన్నిటినీ కర్వ్స్‌లోకి మార్చి ఉండాల్సింది. అప్పుడది రాత కాదు, బొమ్మ. ఎక్కడ తెరిచినా విరగదు.

ఇంకా సిరా పడలేదు కాబట్టి ఫిల్ము ఖర్చుతో పోయింది. ఒక అలవాటు చేసుకుంటున్నాను. ఫిల్ము మీది మాటని చివరి అక్షరం నుంచి మొదటికి చదవాలి. ముందునుంచి చదివితే కన్ను తనకి తెలిసిన మాటని చదివేసుకుంటుంది, ఎదురుగా ఉన్నది చూడదు.

జూన్ 24

సున్న పూడిపోతే చుక్క. చుక్క పూడిపోతే మచ్చ. ‘ఘ’, ‘ఝ’ ఉన్న మాటలు రెండంగుళాల లోపు ఎత్తున వెయ్యకూడదని గోడమీద రాసి అంటించాను.

జూలై 2

కొన్నాళ్ల కిందట ఉతికి చూడమని అమ్మకి మూడు టీషర్టులు అప్పగించాను. ఒకే బొమ్మ, మూడు పద్ధతులు. ఒకటి స్క్రీన్. ఒకటి డీటీఎఫ్, అంటే ఫిల్ము మీద అచ్చు వేసి, జిగురుపొడి చల్లి కరిగించి, బట్ట మీద పెట్టి వేడితో అంటించేది. ఒకటి డీటీజీ, కాగితం మీద వేసినట్టు బట్ట మీదే నేరుగా సిరా చిమ్మేది.

రంగు ఎంత నిలుస్తుందో చూడటానికి ప్రయోగశాలల్లో పద్ధతులున్నాయి. ఉతుకు పరీక్ష ఐఎస్ఓ 105-సి06, రుద్దుడు పరీక్ష 105-ఎక్స్12. తెల్లబట్ట చుట్టిన పిడితో పదిసార్లు రుద్ది, ఆ తెల్లబట్టకి ఎంత రంగు అంటిందో బూడిదరంగు కొలపట్టీ పక్కన పెట్టి 1 నుంచి 5 దాకా మార్కు వేస్తారు. 5 అంటే ఏమీ అంటలేదని. ఆ యంత్రం మా దగ్గర లేదు. తెల్ల చేతిరుమాలు ఉంది. పొడిగా పది, తడిపి పది. తడి రుమాలు మీద నలుపు కనిపిస్తే ఆ టీషర్టు పక్కవాళ్ల తెల్లచొక్కాని కూడా పాడుచేస్తుంది.

ఉతకడం దగ్గర అమ్మకీ నాకూ మాటామాటా వచ్చింది. తిరగేసి, చల్లటి నీళ్లలో మెల్లగా ఉతకమన్నాను. లేబుల్ మీద అలాగే రాస్తాం మరి. “మెల్లగా ఎవరే ఉతికేది? సబ్బునీళ్లలో నానెయ్యడం, బండమీద వేసి బ్రష్షు పట్టడం, నాలుగు దెబ్బలెయ్యడం. అది ఆగితేనే బట్ట” అంది. అమ్మ మాటే నెగ్గింది. అమ్మినవి ఇళ్లలో ఎలా ఉతుకుతారో అలాగే ఉతకాలి. టీషర్టు లోపలివైపు ఒక్కో ఉతుక్కి పెన్నుతో ఒక్కో గీత పెడుతున్నాను.

అయిదో ఉతుకు తర్వాత చూస్తే డీటీజీది నలుపు మాసినట్టయింది. రంగు అంతా పోలేదు, బట్ట నూగు ప్రింటులోంచి పైకి లేచి తెల్లగా కప్పింది. అద్దంతో చూస్తే పోగులు కనిపిస్తాయి. డీటీఎఫ్‌ది రంగు చెక్కుచెదరలేదు కానీ, బ్రష్షు పట్టినచోట అక్షరాల సన్నటి కొమ్ముల చివర్లు గోటికి తగులుతున్నాయి, అంటే అంచు లేవబోతోంది. స్క్రీన్‌ది కాస్త వెలిసింది, ఎక్కడా విరగలేదు, బట్టతోపాటే మెత్తబడింది.

నా ఓటు స్క్రీన్‌కే. ఒకటీ రెండూ కావాలన్నవాళ్లకి స్క్రీన్ గిట్టదు కాబట్టి డీటీఎఫ్ వదల్లేం. వదలనప్పుడు దాన్ని బాగా చెయ్యడం నేర్చుకోవాలి.

జూలై 5

తమ్ముడు ఛాతీ నిండా డీటీఎఫ్ బొమ్మ ఉన్న టీషర్టు వేసుకుని బీసెంట్ రోడ్డు, గవర్నరుపేట తిరిగొచ్చాడు. వానాకాలం ఉక్క. విప్పితే బొమ్మ ఉన్నంతమేరా లోపల చెమట ముద్దగా ఉంది. ఛాతీకి రేకు కట్టుకున్నట్టుందన్నాడు. ప్రింటు చూడటానికి అద్భుతం. ఈ ఊళ్లో వేసుకోవడానికి కాదు. మధ్యలో ఖాళీలు లేని బొమ్మ అరచెయ్యి కంటే పెద్దది డీటీఎఫ్‌లో వెయ్యనని నిర్ణయించుకున్నాను. అడిగినవాళ్లకి కారణం చెప్తాను.

జూలై 11

రెండురోజులుగా ముసురు. రబ్బరు ప్రింటు టీషర్టులు ఎనిమిది తెచ్చాను. రెండుచేతులా ప్రింటుని పట్టుకుని అంగుళం మేర లాగితే మూడింటిలో జుట్టుపోగంత పగుళ్లు. కాలలేదు. రబ్బరు ప్రింటుకి వాడే ప్లాస్టిసాల్ సిరా ఆరేది కాదు, కాలాల్సింది. పైపొర ఒక్కటే కాదు, అడుగుదాకా 160 డిగ్రీలు అందుకోవాలి. నూలుబట్ట గాల్లోంచి తేమ పీల్చుకుంటుంది. ముసురు రోజున వేడి ముందు ఆ తేమని ఆవిరి చెయ్యడానికే ఖర్చవుతుంది. మెషీన్ మీద అంకె సరిగ్గానే ఉంటుంది, సిరాకి మాత్రం చాలదు.

“ఉతికితే పోతుందామ్మా ఇది?” అని బాబాయే అడిగాడు. ఒకదాన్ని అక్కడే బకెట్లో నానేసి నలిపి చూపించాను. ‘అ’ తల ఊడి నా వేళ్లకి అంటుకుంది. ఆయన ఏమీ అనలేదు. ఆ తర్వాత ప్రతి టీషర్టునీ ముందు అయిదు సెకన్లు ఒట్టి బట్టగా ప్రెస్ కింద పెట్టి, ఆవిరి పోయాకే ప్రింటు వేశాడు. డీటీఎఫ్ జిగురుపొడి కూడా తేమకి గడ్డకడుతోందట. స్టీలు డబ్బాలో మూతబిగించి పెడుతున్నాడు.

జూలై 15

ఫొటోలు మార్చాను. ఇప్పటిదాకా మా పేజీలో ఉన్నవి కంప్యూటర్‌లో తయారైన బొమ్మలు. ముడతలేని చొక్కా, మచ్చలేని అక్షరం. అందులో అబద్ధమేమీ లేదనే అనుకునేదాన్ని. కానీ అలాంటి చొక్కా ఎక్కడా లేదు. ఇకనుంచి ప్రతి డిజైన్‌కీ మూడు ఫొటోలు: కొత్తది, అయిదు ఉతుకుల తర్వాతది, ప్రింటుని వేలితో మడిచి దగ్గరగా తీసింది. “అయిదు ఉతుకుల ఫొటో పెడితే ఎవరు కొంటారక్కా?” అని తమ్ముడి బెంగ. వారంలో నాలుగు ఆర్డర్లు తగ్గినా నేనది తియ్యను.

జూలై 20, పెడన

గుడివాడ మీదుగా పాసింజరులో వెళ్లాను. అమ్మమ్మ ఉన్నప్పుడు ఏటా వేసవికి వెళ్లే ఊరు. వీధిలో కలంకారీ అద్దకం చేసే తాతగారి షెడ్డు ఇంకా ఉంది. చిన్నప్పుడు ఆ టేకు అచ్చులతో ఆడుకోబోతే తిట్లు తినేవాళ్లం. ఇవాళ పొద్దున్నంతా బల్లపక్కన కూర్చుని చూశాను.

బట్ట కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో నాని ఎండి సిద్ధంగా ఉంది. కరక్కాయ రంగు పట్టడానికి, పాలు రంగు పాకకుండా ఉండటానికి. నల్లగీతకి తుప్పుఇనుమూ బెల్లమూ ఊరబెట్టిన నీళ్లు. ఎరుపు రావాల్సిన చోట పటిక నీళ్లు అద్దుతారు. పటికలో సొంత ఎరుపు లేదు. అద్దాక బట్ట మీద కనిపించేది ఎరుపు కాదు, ఒట్టి తడి. ఆరబెట్టి, నీళ్లలో జాడించి, తర్వాత రాగిగంగాళంలో ఎర్రరంగు పదార్థంతో మరగబెడితే పటిక ఉన్నచోటే ఎరుపు పట్టుకుంటుంది.

“అద్దగానే బాగుందో లేదో ఎలా తెలుస్తుంది తాతగారూ?” అని అడిగాను.

“తెలీదమ్మా. గంగాళంలోంచి తీసి, కాలవలో జాడించి, ఎండేశాక తెలుస్తుంది. అప్పటిదాకా నోరు మూసుకుని పనిచెయ్యడమే” అన్నాడు.

గీత అచ్చు వేసినచోటే రంగు అచ్చు పడాలి. మూలన ఉన్న చిన్న గుర్తుని ఎడమచేతి వేలితో తడిమి, కుడిపిడికిలితో అచ్చు వీపున ఒక్క గుద్దు. కళ్లు అచ్చు మీద లేవు, నాతో మాట్లాడుతూనే ఉన్నాడు. ఎక్కడా వెంట్రుకవాసి జరగలేదు. మా స్క్రీన్‌లో రెండో రంగు మిల్లీమీటరు జరిగితే సరిచెయ్యడానికి నాలుగు మరలు తిప్పుతాం.

ఈ పక్కనే బందరులో 1611లో ఇంగ్లీషు కంపెనీవాళ్లు కోఠీ పెట్టారు. అంతకుముందే డచ్చివాళ్లు ఉన్నారు. వాళ్లని ఇక్కడికి లాక్కొచ్చినవాటిలో ఈ అద్దకం బట్ట ఒకటి. సముద్రం అవతల కొనేవాడు ఈ బట్టని తాకకుండానే బేరమాడాల్సి వచ్చేది, అందుకే నమూనా గుడ్డలు ఓడల్లో అటూఇటూ తిరిగేవి. ఇంటికి రాగానే మా సైజు పట్టిక పక్కన ‘బట్టముక్క కావాలంటే పోస్టులో పంపుతాం’ అని ఒక వాక్యం చేర్చాను.

జూలై 26

పటమట కుర్రాళ్ల క్రికెట్ జట్టుకి పదిహేను ఎర్ర పాలిస్టర్ జెర్సీలు, వీపున తెల్ల అంకెలు. బుధవారం వేయించాం. లాగి చూశాను, రుద్ది చూశాను, గోటితో గీరి చూశాను. అన్నీ నెగ్గాయి. సంచుల్లో పెట్టేశాం. ఇవాళ తమ్ముడు ఇవ్వడానికి తీస్తే అంకెలన్నీ లేత గులాబీ.

పాలిస్టర్‌కి వేసే రంగు వేడికి ఆవిరయ్యే జాతి. ప్రింటు కాల్చినప్పుడు అది పోగులోంచి విడిపోయి తెల్లసిరాలోకి ఎక్కుతుంది. ఎక్కడం అక్కడితో ఆగదు, రోజులతరబడి సాగుతుంది. వేడివేడిగా ఒకదానిమీద ఒకటి పేర్చి కట్టెయ్యడంతో ఇంకా సాగింది. నేను చూసినరోజు అవి నిజంగానే తెల్లగా ఉన్నాయి. తాతగారి మాట వారం తిరక్కుండా నా ఇంట్లోనే రుజువైంది.

జట్టు కెప్టెన్‌కి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆదివారం మ్యాచ్ పాతవాటితో ఆడతామన్నారు, పెద్దమనసు. మళ్లీ వేసేటప్పుడు తక్కువ వేడికి కాలే సిరా, దానికింద రంగుని ఆపే బూడిదరంగు పొర, ప్రెస్ నుంచి తీసినవి విడివిడిగా చల్లారడం. పాలిస్టర్ ఏదైనా మూడురోజులు దండెం మీద ఉన్నాకే ఇల్లు దాటాలి.

ఆగస్టు 3

డాలస్ నుంచి ఒకమ్మాయి రాసింది. “అక్కా, రెండుసార్లు వేసుకున్నాను. అంచులు లేచిపోయాయి. మా అబ్బాయి పుట్టినరోజుకి వేసుకుందామని కొన్నది.” ఫొటో పంపింది. డీటీఎఫ్. ‘చిట్టి’లో ‘ట’ ఒత్తు సగం ఊడి వేలాడుతోంది.

అక్కడ ఎండలో ఆరెయ్యరు, డ్రైయర్‌లో వేస్తారు. తిరిగే వేడిడబ్బాలో అరగంట. మా అమ్మ బండ, బ్రష్షు, బెజవాడ ఎండ అన్నీ పరీక్షించాను కానీ అది పరీక్షించలేదు. లేబుల్ మీద ‘డ్రైయర్ వద్దు’ అని ఉంది. ఆ మాట పట్టుకుని తప్పించుకోవచ్చు. కానీ అదే రోజు వేసిన మిగతావి తీసి చూస్తే నా దగ్గరున్నవాటికీ అంచు గోటికి తగిలింది. ఫిల్ము ఊడదీశాక పైన కాగితం వేసి రెండోసారి ఒక ప్రెస్ ఇవ్వాలి, అప్పుడే జిగురు పోగుల్లోకి దిగుతుంది. ఆ రోజు హడావుడిలో రెండో ప్రెస్ ఇవ్వలేదని బాబాయి దగ్గర కుర్రాడు ఒప్పుకున్నాడు. నిజం చెప్పినందుకు వాడిమీద నాకు కోపం రాలేదు.

లోపమున్న సరుకునీ, చూపించినట్టు లేని సరుకునీ వెనక్కి తీసుకోనని అమ్మేవాళ్లు అనకూడదని 2020 ఈ-కామర్స్ నిబంధనల్లోనే ఉంది. డాలస్ నుంచి వెనక్కి తెప్పించే ఖర్చు టీషర్టు ధరకంటే ఎక్కువ. ఫొటో చాలనుకుని కొత్తది పంపాం. స్క్రీన్‌ది, ఒత్తు కాస్త బలంగా గీసి. పిన్నిగారింట్లో డ్రైయర్ ఉంది. ఇకమీదట విదేశానికి వెళ్లే ప్రతి డిజైన్‌కీ అక్కడ మూడు విడతలు.

ఆగస్టు 8

వరలక్ష్మీవ్రతం. పని లేదు. పూజకి పెట్టిన కొత్త జాకెట్టుముక్కని అమ్మ రెండువేళ్లతో నలిపి చూస్తుంటే చాలాసేపు చూశాను.

ఆగస్టు 12

తన తాతగారి షష్టిపూర్తి ఫొటోని టీషర్టు మీద వెయ్యమని ఒకాయన పంపాడు. బొమ్మ వెడల్పు 960 పిక్సెళ్లు. పన్నెండంగుళాల్లో పరిస్తే అంగుళానికి 80. మూడొందలుంటే ముఖం ముఖంలా వస్తుంది, ఎనభైకి మెట్లుమెట్లుగా వస్తుంది. ఉన్న ఫొటోని సాఫ్ట్‌వేర్‌తో పెద్దది చెయ్యొచ్చు. చేసి చూశాను. కళ్లు నున్నగా వచ్చాయి, ఆ కళ్లు మాత్రం వాళ్ల తాతగారివి కావు. కనుబొమ్మల మధ్య గీత మాయమైంది.

అసలు ఫొటో ఆల్బమ్‌లోంచి తీసి, స్కాన్ చేయించి, వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపమని అడిగాను. “వారం పడుతుందండీ, ఇదే వేసెయ్యండి” అన్నాడు. వారం ఆగుదామని బతిమాలాను. ఆగాడు.

ఆగస్టు 23

గుంటూరు కాలేజీ తెలుగు శాఖకి 120 టీషర్టులు, 29న భాషాదినోత్సవానికి. ఎదపై ‘వాడుక భాష’ అని. ఆ రోజు గిడుగు రామమూర్తిగారి పుట్టినరోజు. 1863లో పుట్టిన ఆయన, జనం మాట్లాడే తెలుగే పుస్తకాల్లోకి రావాలని పోరాడారు. ఆయన పేరున జరిగే పండగలో ‘భ’ కింద గీత లేకుండా వెళ్తే ఎలా?

బట్టల వ్యాపారంలో నమూనా లెక్క ఒకటి ఉంది. 91 నుంచి 150 దాకా ఉన్న లాట్‌లో ఇరవై తీసి చూడాలి. నాణ్యతకి మామూలుగా వాడే 2.5 హద్దు ప్రకారం, ఆ ఇరవైలో ఒకటి చెడితే లాట్ ఒప్పుకోవచ్చు, రెండు చెడితే తిప్పికొట్టాలి. లక్షలు కొనే కంపెనీలకి అది న్యాయమైన లెక్కే. మాకు సరిపోదు. ఆ లెక్కలో ఒప్పుకున్న ఒక్కటీ ఒక మనిషి ఇంటికి వెళ్తుంది, ఆ మనిషికి అదే మొత్తం లాట్.

నూటఇరవై టీషర్టులూ చూశాను. ఒక్కోదానికి ఒకటిన్నర నిమిషం, మొత్తం మూడు గంటలు. చదునుగా పరచడం, కాలర్ కుట్టు నుంచి నాలుగు వేళ్ల దూరం, రెండు చంకల నుంచీ సమానమా, అక్షరాలు వెనకనుంచి ముందుకి, లాగడం, లోపలివైపు. ఏడు తేలాయి. మూడింటిలో స్క్రీన్ సూదిరంధ్రం వల్ల పడిన సిరాచుక్కలు, రెండు ఎడమకి ఒరిగాయి, ఒకదాని భుజంమీద వేలిముద్ర. ఏడోది ‘భ’ గీత, సగం. ఇరవై తీసి చూసి ఉంటే ఆ ఏడోది నా చేతికి వచ్చేదో లేదో.

తమ్ముడు చివరి అరగంట పక్కన కూర్చుని మడతపెట్టాడు. ఒరిగినవాటిలో రెండోదాన్ని పట్టింది వాడే.

ఆగస్టు 29

గుంటూరు నుంచి ఫొటో వచ్చింది. మెట్లమీద వరసలుగా పిల్లలు. వేళ్లతో పెద్దది చేసి ఒక్కొక్కరి ఎద మీదా చూశాను. ఫొటోలో కనిపించినంతవరకూ గీత ఉంది. వెనకవరసలో ఒక అబ్బాయి టీషర్టు ఇస్త్రీపెట్టెకి కాస్త మెరిసినట్టుంది. తిరగేసి ఇస్త్రీ చెయ్యమని లేబుల్ మీద ఉన్న అక్షరాలు చాలా చిన్నవి. వచ్చేసారి పెద్దవి చెయ్యాలి.

సెప్టెంబరు 6

జూలైలో మళ్లీ వేయించిన ‘ధైర్యం’కి ఇవాళ ఇరవయ్యో ఉతుకు. లోపల పెన్నుతో పెట్టిన లెక్కగీతలు పద్నాలుగు దాకానే కనిపిస్తున్నాయి, మిగతావి సబ్బుకి పోయాయి. ఇరవై అని అమ్మ చెప్పింది, వేళ్లమీద లెక్కపెట్టుకుంటోందట. నలుపు కాస్త వెలిసింది. మెడ సాగలేదు. ‘ధ’ కింద గీత ఉంది. దండెం మీదినుంచి తీసి పిన్నిగారింటికి పంపించాను, రేపు డ్రైయర్‌లో వెయ్యమని.